వేళ తప్పని పని: జావా సర్వర్లలో టైమర్ల అమరిక

పొదుపు ఖాతాలోని సొమ్ముకు ఏ రోజు నిల్వను బట్టి ఆ రోజు వడ్డీ లెక్కకట్టాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు నెలలో 10వ తేదీ మొదలు ఆఖరి తేదీ దాకా ఖాతాలో నిలిచిన కనిష్ఠ మొత్తం మీదనే ఆ నెల వడ్డీ ఆధారపడేది కాబట్టి ఒక ఖాతాకు నెలకు ఒక అంకె తేలితే సరిపోయేది. కొత్త నిబంధనతో నెలలోని ప్రతి రోజు నిల్వా లెక్కలోకి రావలసి వచ్చింది. లక్షల ఖాతాలకు రాత్రికి రాత్రి జరగవలసిన ఇలాంటి పనిని మొదలుపెట్టడానికి ఏ ఉద్యోగీ కూర్చుని మీట నొక్కడు. బీమా గడువు దగ్గరపడిందని సందేశం పంపడం, రోజు అమ్మకాల పట్టికను ప్రధాన కార్యాలయానికి చేర్చడం, డబ్బు చెల్లించకుండా వదిలేసిన సీట్లను తిరిగి అమ్మకానికి పెట్టడం వంటి పనులు కూడా మనిషి ప్రమేయం లేకుండానే జరిగిపోతుంటాయి. వేళను గుర్తుంచుకుని ఆ పనులను లేపే భాగానికి కంప్యూటరు పరిభాషలో టైమర్ అని పేరు. పెద్ద సంస్థలు వాడే జావా అప్లికేషన్ సర్వర్లలో టైమర్‌ను అమర్చడం పైకి ఒక్క వాక్యపు పనిగా కనబడుతుంది. కానీ ఆ వేళ ఏ గడియారానిది, దాన్ని గుర్తుంచుకునే బాధ్యత ఎవరిది, ఎన్ని యంత్రాలు ఆ వేళకు మేల్కొంటాయి అన్న సంగతులు తేల్చకుండా ఆ వాక్యం రాసిన చోటనే ఒక రోజు వడ్డీ పడకపోవడమో, ఒకే రోజుకు రెండుసార్లు పడడమో జరుగుతుంది.

అప్లికేషన్ సర్వర్ అంటే సంస్థ రాయించుకున్న ప్రోగ్రాములకు ఆశ్రయమిచ్చి, వాటన్నిటికీ ఉమ్మడిగా కావలసిన సదుపాయాలను తానే సమకూర్చే పెద్ద ప్రోగ్రాము. డేటాబేస్‌తో సంబంధాలు, వాడుకరుల గుర్తింపు, లావాదేవీల భద్రత, థ్రెడ్ల నిర్వహణ వంటివి సర్వరే చూసుకుంటుంది. థ్రెడ్ అంటే ఒకే ప్రోగ్రాములో మిగతా పనులతో పాటు సమాంతరంగా సాగే ఒక పని పోగు. సంస్థ వ్యవహారాలను నడిపే చిన్న చిన్న ప్రోగ్రాము భాగాలను ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్ అనీ, పొట్టిగా ఈజేబీలనీ అంటారు. వాటిని తన అధీనంలో ఉంచుకుని నడిపే సర్వర్ భాగాన్ని కంటైనర్ అంటారు. వైల్డ్‌ఫ్లై, గ్లాస్‌ఫిష్, దాని నుంచి పుట్టిన పయారా, ఒరాకిల్ వారి వెబ్‌లాజిక్, ఐబీఎం వారి లిబర్టీ ఈ కోవలోని సర్వర్లు. వీటన్నిటికీ ప్రమాణం ఒక్కటే. ఆ ప్రమాణానికి మొదట జే2ఈఈ అనీ, తరువాత జావా ఈఈ అనీ పేర్లుండగా, దాన్ని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించాలని 2017లో ఒరాకిల్ నిర్ణయించిన మీదట 2018లో జకార్తా ఈఈ అన్న పేరు స్థిరపడింది.

వేళకు పని చేయించే సాధనాలు జావాకు ముందే ఉన్నాయి. యూనిక్స్ యంత్రాల్లోని క్రాన్ 1970ల నాటిది. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అన్న అయిదు గళ్లలో అంకెలు నింపి, ఎదురుగా ఆదేశం రాస్తే అది ఆ వేళకు నడుస్తుంది. నేటికీ అది నమ్మదగిన సాధనమే. అయితే క్రాన్‌కు తాను లేపిన ప్రోగ్రాము లోపల ఏం జరుగుతున్నదో తెలియదు, మధ్యలో ఆగిన లావాదేవీని వెనక్కి తిప్పే బాధ్యత దానికి లేదు. జావాలో 2000 నాటి 1.3 వెర్షన్‌తో వచ్చిన టైమర్ క్లాసు ప్రోగ్రాము లోపలే పని చేస్తుంది గాని, ఒకే థ్రెడ్ మీద అన్ని పనులనూ నడుపుతుంది కనుక వాటిలో ఒక పనిలో పట్టుకోని లోపం తలెత్తితే మిగతా పనులు కూడా నిలిచిపోతాయి. పైగా దాని జ్ఞాపకం ప్రోగ్రాము బతికున్నంత వరకే. ఈ కొరత తీర్చడానికి 2003లో జే2ఈఈ 1.4తో పాటు వచ్చిన ఈజేబీ 2.1 ప్రమాణం, టైమర్ సేవను కంటైనర్ బాధ్యతల్లో చేర్చింది. అప్పట్లో ఇంత సేపటి తరువాత, ఇంత సేపటికొకసారి, ఫలానా క్షణానికి అని మాత్రమే చెప్పగలిగేవారు. "ప్రతి నెలా ఆఖరి రోజు రాత్రి" అని క్యాలెండరు భాషలో చెప్పే వీలు 2009 డిసెంబరులో వచ్చిన జావా ఈఈ 6లోని ఈజేబీ 3.1తో కలిగింది.

ఈ సేవ ఎంతటి నిక్కచ్చితనానికి ఉద్దేశించినదో ముందే తెలిసి ఉండడం మంచిది. కాలాన్ని మిల్లీసెకండ్లలో చెప్పే వీలున్నా, గంటలూ రోజులూ పట్టే వ్యాపార వ్యవహారాల కోసమే దీన్ని రూపొందించినట్టు ప్రమాణ పత్రం స్పష్టంగా చెబుతుంది. గడియారం అన్న మాటకు మూలమైన గడియ 24 నిమిషాల కాలం. ఈజేబీ టైమర్‌ను కూడా గడియల్లో కొలిచే పనులకు వాడుకోవాలే తప్ప, రెప్పపాటులో స్పందించవలసిన యంత్రాల నియంత్రణకు వాడకూడదు. రాత్రి 12:20కి మొదలు కావలసిన వడ్డీ లెక్క రెండు సెకండ్లు ఆలస్యమైనందువల్ల ఖాతాదారుకు నష్టమేమీ లేదు, అది అసలు మొదలు కాకపోతేనే నష్టం.

క్యాలెండరు టైమర్‌ను పెట్టడానికి ప్రోగ్రామర్ చేయవలసిందల్లా పని చేసే మెథడ్‌కు, అంటే పేరు పెట్టి ఒక చోట చేర్చిన ఆదేశాల గుంపుకు, పైన షెడ్యూల్ అనే ఆనొటేషన్‌ను అతికించడమే. ఆనొటేషన్ అంటే కోడ్ మీద రాసి పెట్టే చీటీ వంటిది. సర్వర్ ప్రోగ్రామును తనలోకి ఎక్కించుకునేటప్పుడు ఆ చీటీని చదివి టైమర్‌ను తానే పుట్టిస్తుంది. ఆ చీటీలో సెకండ్, మినిట్, అవర్, డే ఆఫ్ మంత్, మంత్, డే ఆఫ్ వీక్, ఇయర్ అనే ఏడు గళ్లుంటాయి. గడిలో నక్షత్రపు గుర్తు పెడితే "ఏదైనా సరే" అనీ, కామాలతో అంకెలు పేరిస్తే "వీటిలో ప్రతిదీ" అనీ, మధ్యలో చిన్న గీత పెడితే "ఇక్కడ నుంచి అక్కడ దాకా" అనీ, నక్షత్రం తరువాత ఏటవాలు గీత గీసి 5 వేస్తే "అయిదింటికొకసారి" అనీ అర్థం. ఈ చివరిది సెకండ్లు, నిమిషాలు, గంటలకు మాత్రమే చెల్లుతుంది.

కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టేది ఈ గళ్లను నింపనప్పుడు సర్వర్ తనంతట తాను అనుకునే విలువ. తేదీ, నెల, వారం, సంవత్సరం గళ్లను ఖాళీగా వదిలితే సర్వర్ వాటిలో నక్షత్రం ఉన్నట్టు భావిస్తుంది, సెకండ్, నిమిషం, గంట గళ్లను వదిలితే మాత్రం సున్నా ఉన్నట్టు భావిస్తుంది. "అయిదు నిమిషాలకొకసారి" అనుకుని నిమిషం గడి ఒక్కటే నింపి ఊరుకున్నవారి టైమర్, గంట గడిలో సున్నా ఉండిపోవడం వల్ల, అర్ధరాత్రి 12:00 నుంచి 12:55 దాకా 12 సార్లు మోగి మళ్లీ మరుసటి అర్ధరాత్రి దాకా పలకదు. పగలంతా పరీక్షించినవారికి అది పని చేయనట్టే కనబడుతుంది, ఎక్కడా లోపం నమోదు కాదు. పొరపాటున మోగని టైమర్‌కూ, వేళ కాక మోగని టైమర్‌కూ పైకి ఏ తేడా ఉండదు కాబట్టి ఈ తప్పు రోజుల తరబడి దాగి ఉండగలదు. అక్కరలేదనిపించినా గంట, నిమిషం, సెకండ్ గళ్లు మూడూ స్వయంగా నింపడాన్ని ప్రతి జట్టూ నియమంగా పెట్టుకోవాలి.

తేదీ గడి మిగతావాటికంటే తెలివైనది. అందులో "లాస్ట్" అని రాస్తే ఫిబ్రవరి 28 అయినా 29 అయినా, ఏప్రిల్ 30 అయినా నెల ఆఖరి రోజును సర్వరే పోల్చుకుంటుంది. మైనస్ 1 అని రాస్తే ఆఖరి రోజుకు ఒక రోజు ముందు అని అర్థం, మైనస్ 7 దాకా ఇలా వెనక్కి లెక్కపెట్టుకోవచ్చు. భారతదేశంలో 2015 సెప్టెంబరు 1 నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు దినాలయ్యాయి. నెలలో రెండో శనివారాన్ని సూచించడానికి ఇదే తేదీ గడిలో రెండో అన్న ఆంగ్ల క్రమసంఖ్యను (2nd), శనివారపు ఆంగ్ల సంక్షేపాన్ని పక్కపక్కన రాస్తే సరిపోతుంది. రెండో శనివారం ఎప్పుడూ 8, 14 తేదీల మధ్యనే వస్తుంది గదా అని తేదీ గడిలో 8 నుంచి 14 అనీ, వారం గడిలో శనివారం అనీ వేరువేరుగా రాసేవారు ఉంటారు. ఆ రెండు గళ్లూ నిండినప్పుడు రెండిటిలో ఏది కుదిరినా మోగాలన్నది ప్రమాణంలోని నియమం కాబట్టి, ఆ టైమర్ 8 నుంచి 14 దాకా ప్రతి రోజూ, వాటితో పాటు నెలలోని మిగతా శనివారాల్లోనూ మోగుతుంది. ఈ నియమం క్రాన్ నుంచి వచ్చిన వారసత్వం. ఇక ఉగాది, దీపావళి వంటి తిథిని బట్టి వచ్చే సెలవులను ఈ ఏడు గళ్లలో ఏ విధంగానూ చెప్పలేరు. చైత్ర శుద్ధ పాడ్యమి ఏ సంవత్సరం ఏ తేదీన పడుతుందో సర్వర్‌కు తెలియదు. టైమర్‌ను రోజూ మోగనిచ్చి, లోపలి పని మొదలయ్యేటప్పుడు సెలవుల పట్టికను చూసుకుని ముందుకు సాగడమో, ఆగిపోవడమో చేయడమే దీనికి సరైన మార్గం.

రాత్రి 12 అన్నప్పుడు అది ఏ ఊరి రాత్రి అన్నది తరువాతి సంగతి. షెడ్యూల్ చీటీలో టైమ్‌జోన్ అనే మరో గడి ఉంది. దాన్ని నింపకపోతే సర్వర్ ఉన్న యంత్రం ఏ కాలమానంలో ఉంటే దాన్నే కంటైనర్ తీసుకుంటుంది. అద్దెకు తీసుకునే క్లౌడ్ యంత్రాలు సాధారణంగా యూటీసీ అనే అంతర్జాతీయ కాలమానంలో ఉంటాయి. భారత కాలమానం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. సొంత కార్యాలయంలోని యంత్రం మీద అర్ధరాత్రి సవ్యంగా నడిచిన పని, ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారకపోయినా, క్లౌడ్‌కు మారిన మరుసటి రోజు నుంచి తెల్లవారుజామున 5:30కు నడవడం మొదలుపెట్టడానికి కారణం ఇదే. టైమ్‌జోన్ గడిలో ఆసియా/కోల్‌కతా అని రాసి ఉంటే యంత్రం ఏ దేశంలో ఉన్నా లెక్క మారదు.

భారతదేశంలో గడియారాలను ఏడాదికి రెండుసార్లు ముందుకూ వెనక్కూ జరిపే ఆచారం లేదు కాబట్టి ఇక్కడి ప్రోగ్రాములకు ఆ చిక్కు లేదు. అమెరికాలో అధిక రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారాన్ని 3కు జరుపుతాయి, నవంబరు మొదటి ఆదివారం 2 గంటలకు తిరిగి 1కి తెస్తాయి. 2024లో మార్చి 10న న్యూయార్క్‌లో 2:30 అనే సమయమే రాలేదు. నవంబరు 3న 1:30 రెండుసార్లు వచ్చింది. ఆ దేశపు కాలమానంలో తెల్లవారుజామున 1, 3 గంటల మధ్య ఏ టైమర్‌నూ పెట్టకుండా ఉండడం అనుభవజ్ఞులు పాటించే జాగ్రత్త. అమెరికా సంస్థల సర్వర్లను హైదరాబాదు నుంచి కనిపెట్టి చూసే వేలాది తెలుగు ఉద్యోగులకు దీని ప్రభావం మరోలా తెలుస్తుంది: న్యూయార్క్‌కూ హైదరాబాదుకూ మధ్య తేడా చలికాలంలో 10 గంటల 30 నిమిషాలు, వేసవిలో 9 గంటల 30 నిమిషాలు కనుక, మార్చిలో ఒక ఆదివారం దాటగానే వారు చూడవలసిన రాత్రి బ్యాచ్, అంటే ఒకేసారి గుంపుగా జరిగే పనుల వరుస, ఒక గంట ముందే వచ్చి పడుతుంది.

గడియారం తప్పు సర్వర్ కింది పొరలో కూడా ఉండవచ్చు. భూభ్రమణంలోని తేడాను సరిదిద్దడానికి 2012 జూన్ 30న యూటీసీ చివర ఒక అదనపు సెకండును చేర్చినప్పుడు, అంటే భారతదేశంలో జులై 1 ఉదయం 5:30కు సరిగ్గా ముందు, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌లోని టైమర్ల లోపం వల్ల లోకమంతటా ఎన్నో జావా సర్వర్లు ఊరికే ప్రాసెసర్‌ను పూర్తిగా ఆక్రమించుకుని చతికిలబడ్డాయి. ఇలాంటి అదనపు సెకండ్ల పద్ధతిని 2035 నాటికి మార్చుకోవాలని 2022 నవంబరులో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానించింది.

వేళ సరిగ్గా కుదిరాక, దాన్ని గుర్తుంచుకునేది ఎవరన్నది వస్తుంది. ఈజేబీ టైమర్ సేవలోని అసలు విలువ ఇక్కడే ఉంది. మామూలుగా ఈ టైమర్లు పర్సిస్టెంట్, అంటే నిలిచి ఉండే రకానివి. ప్రోగ్రామర్ వద్దని చెప్పకపోతే కంటైనర్ ప్రతి టైమర్ వివరాన్నీ డిస్కు మీద గాని, డేటాబేస్‌లో గాని రాసిపెట్టుకుంటుంది. సర్వర్ ఆగిపోయి తిరిగి లేచినప్పుడు ఆ చిట్టా తీసి, తాను లేని సమయంలో మోగవలసి ఉండి మోగనివి ఏమైనా ఉన్నాయా అని చూసుకుని, ఉంటే ఆ పనిని కనీసం ఒకసారైనా పిలవాలన్నది ప్రమాణం విధించిన బాధ్యత. "కనీసం ఒకసారి" అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. సర్వర్ మూడు రాత్రులు పనిచేయకపోతే మూడు పిలుపులు రావాలన్న హామీ అందులో లేదు; తప్పిపోయిన వేళలన్నిటికీ కలిపి ఒక్కసారే పిలవాలా, ఒక్కొక్కదానికీ పిలవాలా అన్నది ఎంచుకునే అమరికను లిబర్టీ వంటి కొన్ని సర్వర్లు ఇస్తాయి. ఒక్క పిలుపు వచ్చినప్పుడు "నేటి వడ్డీ" మాత్రమే లెక్కకట్టే ప్రోగ్రాము మిగతా రెండు రోజుల వడ్డీని ఎగ్గొట్టినట్టే.

చిట్టా ఎక్కడ ఉంటుందన్నది సర్వర్‌ను బట్టి మారుతుంది. వైల్డ్‌ఫ్లైని దించుకున్నది దించుకున్నట్టు వాడితే టైమర్ల వివరాలు దాని డేటా ఫోల్డర్‌లో టైమర్-సర్వీస్-డేటా అనే చోట ఫైళ్లుగా ఉంటాయి; గ్లాస్‌ఫిష్ తనతో వచ్చే చిన్న డేటాబేస్‌లో ఒక పట్టికగా దాచుకుంటుంది. ఒకే యంత్రం మీద ఏళ్ల తరబడి నడిచే సర్వర్‌కు ఫైళ్ల పద్ధతి బాగానే సరిపోయేది. ఇప్పుడు డాకర్ వంటి పెట్టెల్లో సర్వర్లను ఉంచి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత పెట్టెను పారేసి కొత్తది తెరవడం వాడుక అయింది. పెట్టెతో పాటే ఆ ఫైళ్లు కూడా పోతాయి. నిలిచి ఉండే టైమర్ అనే పేరు అలాగే ఉంటుంది, నిలబెట్టే చోటు మాత్రం ఉండదు. సర్వర్‌ను పెట్టెలోకి మార్చే ప్రతి జట్టూ ఆ ఫోల్డర్‌ను బయటి డిస్కుకు కలపడమో, చిట్టాను డేటాబేస్‌కు తరలించడమో మొదటి రోజే చేయాలి.

నిలిచి ఉండే గుణం మరొక వైపు నుంచి కూడా దెబ్బ తీయగలదు. కొందరు షెడ్యూల్ చీటీకి బదులు, సర్వర్ లేవగానే నడిచే కోడ్‌లో టైమర్‌ను స్వయంగా పుట్టిస్తారు. వేళను డేటాబేస్ నుంచి చదువుకోవాలన్నా, సెట్టింగు మారినప్పుడు మార్చాలన్నా ఈ పద్ధతే అనుకూలం. కానీ పుట్టించే ముందు పాతది ఉందా అని చూడకపోతే, నిన్నటి టైమర్ చిట్టాలో భద్రంగా ఉండగానే నేటి రీస్టార్ట్‌లో రెండోది, రేపటి దానిలో మూడోది చేరుతూపోతాయి. నెలకు నాలుగుసార్లు రీస్టార్ట్ అయ్యే సర్వర్‌లో ఏడాది తిరిగేసరికి ఒకే పనికి 48 టైమర్లు పోగుపడతాయి. ప్రతిసారీ కొత్తగా పుట్టించేటట్లయితే వాటిని నిలిచి ఉండని రకంగా ప్రకటించాలి, నిలిచి ఉండాలనుకుంటే ముందుగా పాతవాటిని వెతికి రద్దుచేయాలి.

పెద్ద సంస్థలు ఒకే ప్రోగ్రామును ఒకే సర్వర్ మీద ఉంచవు. ఒకటి చెడినా మరొకటి నడవడానికి, రద్దీని పంచుకోవడానికి రెండు మూడు సర్వర్లను కలిపి క్లస్టర్‌గా నడుపుతాయి. అందులోని ఒక్కొక్క సర్వర్‌ను నోడ్ అంటారు. వెబ్ పేజీలు చూపడానికి ఎన్ని నోడ్లుంటే అంత మంచిది. టైమర్ విషయంలో అదే ముప్పు అవుతుంది, ఎందుకంటే ప్రతి నోడూ తన ఫోల్డర్‌లో తన చిట్టా పెట్టుకుంటే రాత్రి 12:20కి మూడు నోడ్లూ విడివిడిగా మేల్కొని, ఒకే ఖాతాకు మూడుసార్లు వడ్డీ వేయబోతాయి. చీటీ ద్వారా పుట్టే నిలిచి ఉండే టైమర్ అప్లికేషన్ ఎన్ని చోట్ల నడుస్తున్నా ఒక్కటే ఉండాలని ప్రమాణం చెబుతుంది గాని, ఆ ఐక్యతను కుదర్చడానికి నోడ్లన్నీ చూడగలిగే ఉమ్మడి చిట్టా ఒకటి ఉండాలి, దాన్ని అమర్చడం సర్వర్‌ను నిర్వహించేవారి పని.

వైల్డ్‌ఫ్లైలో దీనికి డేటాబేస్ డేటా-స్టోర్ అనే అమరిక ఉంది. దాని కింద ఏ డేటాబేస్‌ను వాడాలో చెప్పిన తరువాత పార్టిషన్ అనే పేరు ఇవ్వాలి. ఒకే పార్టిషన్ పేరున్న నోడ్లు ఒకే చిట్టాను పంచుకుంటాయి, వేళ అయినప్పుడు పట్టికలోని ఆ వరుసను ముందుగా తనదిగా గుర్తు పెట్టుకోగలిగిన నోడ్ పని చేస్తుంది, మిగతావి వెనక్కి తగ్గుతాయి. రిఫ్రెష్-ఇంటర్వెల్ అనేది పక్క నోడ్ చేర్చిన కొత్త టైమర్లను ఎంత సేపటికొకసారి చూసుకోవాలో చెప్పే సెట్టింగు. దాన్ని వదిలేస్తే ఆ చూసుకోవడం జరగదు. అలౌ-ఎగ్జిక్యూషన్ అన్నదాన్ని కాదని పెడితే ఆ నోడ్ టైమర్లను సృష్టించగలదు గాని నడపదు, అందుచేత వెబ్ రద్దీని మోసే నోడ్లను రాత్రి లెక్కల భారం నుంచి తప్పించవచ్చు. వెబ్‌లాజిక్‌లో టైమర్లు మామూలుగా లోకల్, ఉమ్మడిగా కావాలంటే దాని ప్రత్యేక పత్రంలో క్లస్టర్డ్ అని రాయాలి. గ్లాస్‌ఫిష్‌లో ఒక నోడ్ పడిపోతే దాని టైమర్లను మరొక నోడ్‌కు మార్చే ఆదేశం ఉంది. నిలిచి ఉండని టైమర్లు మాత్రం ప్రతి నోడ్‌లోనూ వేరువేరుగా మోగుతాయి. జ్ఞాపకంలో దాచుకున్న పాత సమాచారాన్ని తుడిచి తాజాది తెచ్చుకోవడం వంటి పని ప్రతి నోడూ తనకోసం తాను చేసుకోవలసిందే కనుక, అలాంటి చోట అదే సరైన ఎంపిక.

ఈజేబీలకు పొరుగున ఉన్న సాధనాల్లో కూడా ఈ చిక్కులే వేరే రూపంలో ఉంటాయి. జావా ప్రోగ్రాములకు వాడే స్ప్రింగ్ అనే చట్రంలోని షెడ్యూల్డ్ ఆనొటేషన్‌కు చిట్టా లేదు, ప్రతి నోడ్‌లోనూ మోగుతుంది. క్వార్ట్జ్ అనే కోడ్ లైబ్రరీ చిట్టాను డేటాబేస్‌లో పెట్టుకోగలదు, తప్పిన వేళకు ఏం చేయాలో కూడా వివరంగా అడుగుతుంది. వీటి మధ్య మారేవారు ఒక చిన్న తేడా గమనించాలి: క్వార్ట్జ్‌లో ఆదివారానికి 1, ఈజేబీలో ఆదివారానికి 0 లేదా 7.

టైమర్‌ను కంటైనర్‌కు అప్పగించడంలోని పెద్ద లాభం లావాదేవీల రక్షణ. లావాదేవీ అంటే పూర్తిగా జరగడమో, అసలు జరగనట్టే వెనక్కి పోవడమో తప్ప మధ్యస్థితి లేని పనుల గుంపు. టికెట్టు పట్టిపెట్టి, 15 నిమిషాల్లో డబ్బు రాకపోతే రద్దుచేసే టైమర్‌ను కూడా అదే లావాదేవీలో పుట్టించినప్పుడు, ఏ కారణం చేతనైనా టికెట్టు నమోదు విఫలమైతే ఆ టైమర్ కూడా పుట్టనట్టే అవుతుంది. క్రాన్‌తో ఇది సాధ్యం కాదు. టైమర్ పిలిచిన మెథడ్ లావాదేవీలో నడుస్తూ విఫలమైతే కంటైనర్ కనీసం మరొకసారి ప్రయత్నించాలని కూడా ప్రమాణం కోరుతుంది.

అయితే ఈ రక్షణకు ఒక గడువు ఉంది, ఆ గడువును గమనించని చోట రక్షణే శిక్షగా మారుతుంది. వైల్డ్‌ఫ్లైలో లావాదేవీకి ఉండే మామూలు గడువు 300 సెకండ్లు, అంటే 5 నిమిషాలు. మొదట కొద్ది ఖాతాలున్నప్పుడు రెండు నిమిషాల్లో ముగిసిన వడ్డీ లెక్క, ఖాతాలు పెరిగి 6 నిమిషాలు పట్టే రోజు వచ్చినప్పుడు, గడువు దాటిన కారణంగా చేసిన పనంతా వెనక్కి పోతుంది; కంటైనర్ నియమం ప్రకారం మళ్లీ పిలుస్తుంది, అది కూడా 6 నిమిషాలు పట్టి మళ్లీ వెనక్కి పోతుంది. డేటాబేస్ అంతులేని శ్రమ పడుతుంది, ఒక్క ఖాతాకూ వడ్డీ చేరదు. గడువును పెంచుతూ పోవడం తాత్కాలిక ఉపశమనమే. టైమర్ మెథడ్ తాను లెక్క చేయకుండా, వెయ్యేసి ఖాతాల ముక్కలుగా పనిని విడగొట్టి ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క లావాదేవీలో నడిపించాలి. ఇలాంటి ముక్కల నిర్వహణ కోసమే 2013లో జావా ఈఈ 7 బ్యాచ్ అనే వేరే ప్రమాణాన్ని తెచ్చింది.

ఒక పిలుపు పని ముగియకముందే తరువాతి వేళ వచ్చేస్తే ఏమవుతుందన్నది కూడా అమరికలో భాగమే. వైల్డ్‌ఫ్లై అలాంటప్పుడు కొత్త పిలుపును వదిలేసి, పాతది ఇంకా నడుస్తున్నదని లాగ్‌లో, అంటే సర్వర్ దినచర్య పుస్తకంలో, ఒక హెచ్చరిక రాస్తుంది. ఆ హెచ్చరిక వారానికొకసారి కనబడడం మొదలైతే పని బరువు పెరిగిందని గ్రహించాలి. టైమర్లన్నీ ఉపయోగించుకునే థ్రెడ్ల సంఖ్యకు కూడా పరిమితి ఉంటుంది. వైల్డ్‌ఫ్లైలో అది మామూలుగా 10. గంట, నిమిషం గళ్లకు సున్నా సహజ విలువ కావడం చేతనూ, అర్ధరాత్రి అంటే అందరికీ ఉన్న మక్కువ చేతనూ ఒకే సర్వర్‌లోని 40 పనులు సరిగ్గా 12 గంటలకే లేస్తే, 10 నడుస్తాయి, 30 వరుసలో నిలబడతాయి. 12:05, 12:20, 12:50 అని ఎడంగా పెట్టుకోవడానికి అదనపు ఖర్చేమీ లేదు. వేళలను కోడ్‌లో కాక ఈజేబీ-జార్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రంలో రాసుకునే వీలు కూడా ఉంది కాబట్టి, పరీక్షల సర్వర్‌కు ఒక వేళ, అసలు సర్వర్‌కు మరొక వేళ ఇవ్వడానికి ప్రోగ్రామును తిరగరాయనక్కరలేదు.

ఇన్ని అమరికలు సరిగ్గా చేసినా, కంటైనర్ ఇచ్చే హామీ "కనీసం ఒకసారి" అన్నదే గనుక, రెండుసార్లు పిలిచినా ఒకసారి చేసినట్టే ఉండే విధంగా పనిని రాయవలసిన భారం ప్రోగ్రామర్ మీద మిగిలి ఉంటుంది. వడ్డీ లెక్క విషయంలో దీన్ని సాధించే పద్ధతి సులభమైనది. ఖాతా సంఖ్య, తేదీ ఈ రెండిటి జంట ఒక్కసారికి మించి రాకూడదన్న కట్టుబాటుతో డేటాబేస్‌లో ఒక పట్టిక ఉంచుతారు. టైమర్ మోగినప్పుడు ప్రోగ్రాము గడియారాన్ని "నేడు ఏ తేదీ" అని అడిగి ఆ ఒక్క రోజుకే లెక్కకట్టదు, ఎందుకంటే అర్ధరాత్రి దాటిన 20 నిమిషాలకు ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మరుసటి రోజుది; ఏ తేదీ దాకా లెక్క పూర్తయిందో పట్టికనే అడిగి, అక్కడ నుంచి నిన్నటి దాకా మిగిలిన ప్రతి రోజుకూ వరుసగా లెక్కకట్టుకుంటూ వస్తుంది. మూడు రాత్రులు సర్వర్ పడుకుని లేచినా ఒక్క పిలుపుతోనే మూడు రోజుల బాకీ తీరుతుంది, పొరపాటున మూడు నోడ్లూ ఒకేసారి లేచినా రెండోసారి రాయబోయిన వరుసను డేటాబేస్ తిప్పికొడుతుంది. దీన్ని పరీక్షించడం కూడా కష్టం కాదు: పరీక్షల సర్వర్‌ను రాత్రి 12:10కి ఆపి 12:40కి లేపడం, లెక్క సగంలో ఉండగా రెండు నోడ్లలో ఒకదాన్ని బలవంతంగా మూసేయడం, యంత్రం కాలమానాన్ని యూటీసీకి మార్చి మళ్లీ నడపడం, ఆ మూడు సందర్భాల తరువాతా పట్టికలోని వరుసల సంఖ్య ఖాతాల సంఖ్యను రోజుల సంఖ్యతో హెచ్చవేసినంతే ఉన్నదో లేదో చూడడం.